క్వేజార్ జెట్‌ను ఏ కాంతిలో చదవాలి? రేడియో, దృశ్య, ఎక్స్-రే, గామా దారుల పోలిక

ఉస్మానియాలోనో, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనో, కంది ఐఐటీలోనో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు క్వేజార్ జెట్లను తీసుకున్నవారికి మొదటి వారంలోనే ఒక చిక్కు వస్తుంది. క్వేజార్ అంటే మధ్యలోని భారీ కృష్ణబిలం పదార్థాన్ని మింగుతుండగా మెరిసే దూరపు గెలాక్సీ కేంద్రం; జెట్ అంటే అక్కడినుంచి దాదాపు కాంతి వేగంతో చిమ్మే ధార. ఒకే జెట్ వంద మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగాల నుంచి వందల జీఈవీల (గిగా ఎలక్ట్రాన్ వోల్టుల; కేఈవీ, ఎంఈవీ దీనికన్నా చిన్నవి, టీఈవీ పెద్దది) గామా కిరణాల దాకా వెలుగుతుంది. అన్నీ చూడాలనిపిస్తుంది. చేతిలో ఉండేది మాత్రం ఆరు నుంచి ఎనిమిది నెలల గడువు, ఒక ల్యాప్‌టాప్.

చాలామంది టెలిస్కోపు పేరు చూసి దారి ఎంచుకుంటారు. ఆ పద్ధతి వద్దని మా గట్టి సలహా. ముందు కాగితం మీద రెండు సంఖ్యలు రాసుకోండి. మీ ప్రశ్నకు జవాబు కావాలంటే జెట్‌లో ఎంత చిన్న ముక్కను విడదీసి చూడాలి? ఎంత వేగంగా మారే వెలుగును పట్టుకోవాలి? ఈ రెండూ తేలితే ఏ కాంతిలో చూడాలో సగం తేలినట్టే.

లెక్క ఒకటి చేసి చూద్దాం. 3సి 279 అనే క్వేజార్ రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల దాని వెలుగు ఎంత సాగిందో చెప్పే సంఖ్య) 0.536. అక్కడ ఒక ఆర్క్‌సెకను (డిగ్రీలో 3,600వ వంతు) అంటే సుమారు 6.3 కిలోపార్సెక్‌లు (పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు), మిల్లీఆర్క్‌సెకను అంటే 6.3 పార్సెక్‌లు. దాని వెలుగు ఒక్క రోజులో రెట్టింపైందనుకోండి. డాప్లర్ ఫాక్టర్ (జెట్ మనవైపు దూసుకురావడం వల్ల మార్పులు ఎన్ని రెట్లు వేగంగా కనబడతాయో చెప్పే సంఖ్య) 15 అని తీసుకుంటే, ఆ వెలుగు వచ్చిన భాగం సైజు (కాంతి వేగం × ఒక రోజు × 15) ÷ 1.536 (అంటే 1 + రెడ్‌షిఫ్ట్) కన్నా పెద్దదై ఉండదు. అంటే దాదాపు 2.5×10¹⁶ సెంటీమీటర్లు, పార్సెక్‌లో నూరో వంతు కూడా లేదు. ఆకాశంలో అది ఒక మైక్రోఆర్క్‌సెకనుకు కాస్త ఎక్కువ. 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు ఇదే 3సి 279ని 20 మైక్రోఆర్క్‌సెకన్ల స్పష్టతతో చూసింది. మనకు కావలసింది దానికి కూడా పదిహేనో వంతు. కాబట్టి ఒక ఫ్లేర్ (వెలుగు ఒక్కసారిగా ఎగయడం) పుట్టే చోటును ఇవాళ ఏ కెమెరా బొమ్మ తీయలేదు. దాన్ని వెలుగు మారే తీరు నుంచి రాబట్టాలి. అలాంటి ప్రశ్న ఉన్నవాళ్లు రేడియో ఇమేజింగ్‌తో నెలలు గడపడం వృథా. అదే, లక్ష కాంతి సంవత్సరాల పొడవున్న బయటి జెట్ గురించి అడిగేవాళ్లకు రోజువారీ లైట్ కర్వ్ (వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే గీత) ఏమీ చెప్పదు.

ఏ కాంతి ఏ ఎలక్ట్రాన్లది

జెట్ వెలుగును వర్ణపటంగా గీస్తే రెండు గుట్టలు కనబడతాయి. మొదటిది సింక్రోట్రాన్: అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల వెలుగు. రెండోది ఎక్కువగా ఇన్వర్స్ కాంప్టన్: అవే ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఫోటాన్లను గుద్ది పైకి లేపిన వెలుగు. క్వేజార్లలో మొదటి గుట్ట శిఖరం పరారుణంలోనూ, రెండోదాని శిఖరం ఎంఈవీ నుంచి జీఈవీ మధ్యలోనూ ఉంటుంది. జెట్ మనవైపు తిరిగి ఉన్నవాటిని బ్లేజార్లంటారు; వాటిలో వర్ణరేఖలు బలహీనంగా ఉండే రకం బీఎల్ లాక్‌లు. మార్కేరియన్ 421, 501 లాంటి హై-పీక్డ్ బీఎల్ లాక్‌లలో మొదటి శిఖరమే ఎక్స్-రే దాకా జరుగుతుంది.

ఈ తేడాను పట్టించుకోకపోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పులకు మూలం. మార్కేరియన్ 421 ఎక్స్-రేలో చూసేది అత్యంత శక్తిమంతమైన ఎలక్ట్రాన్లను. 3సి 279 ఎక్స్-రేలో చూసేది రెండో గుట్ట ఎక్కే దారిని, అంటే తక్కువ శక్తి ఎలక్ట్రాన్లను. అందుకే 3సి 279 ఎక్స్-రే స్పెక్ట్రమ్ చదునుగా ఉంటుంది, ఫోటాన్ ఇండెక్స్ (స్పెక్ట్రమ్ వాలు) 1.5 పరిసరాల్లో వస్తుంది. ఒక బ్లేజార్ పేపర్‌లో చదివిన వ్యాఖ్యానాన్ని ఇంకో రకం బ్లేజార్‌కు అతికించకూడదు.

ఎలక్ట్రాన్ల ఆయుష్షు కూడా దారిని నిర్ణయిస్తుంది. బయటి జెట్‌లో అయస్కాంత క్షేత్రం 100 మైక్రోగాస్ అనుకుంటే, 5 గిగాహెర్ట్జ్ రేడియో వెలుగునిచ్చే ఎలక్ట్రాన్ చల్లబడటానికి లక్షల ఏళ్లు పడుతుంది. అదే క్షేత్రంలో 1 నుంచి 2 కేఈవీ ఎక్స్-రేను సింక్రోట్రాన్‌గా ఇచ్చే ఎలక్ట్రాన్ వందేళ్ల లోపే చల్లబడుతుంది. కేంద్రంలో పుట్టి లక్ష కాంతి సంవత్సరాలు ప్రయాణించి వచ్చే అవకాశం దానికి లేదు. కాబట్టి ఆ ఎక్స్-రే నిజంగా సింక్రోట్రాన్ అయితే, ఎలక్ట్రాన్లకు అక్కడికక్కడే శక్తి అందుతోందన్నమాట. బయటి జెట్ల మీద గత పాతికేళ్ల వాదమంతా ఈ 'అయితే' చుట్టూనే తిరుగుతోంది.

రేడియో: ఓపిక ఉన్నవారి దారి

మన దేశంలో చేతికందే పెద్ద సాధనం పుణెకు ఉత్తరాన ఖోడద్ దగ్గరున్న జీఎంఆర్‌టీ. 45 మీటర్ల డిష్‌లు 30, చివర నుంచి చివరకు 25 కిలోమీటర్లు. అప్‌గ్రేడ్ తర్వాత బ్యాండ్-3 (250–500 మెగాహెర్ట్జ్), బ్యాండ్-4 (550–850), బ్యాండ్-5 (1,000 పైన 1,450 దాకా) ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. స్పష్టత బ్యాండ్-3లో ఏడెనిమిది ఆర్క్‌సెకన్లు, బ్యాండ్-5లో రెండు. 3సి 273 అనే క్వేజార్ బయటి జెట్ కేంద్రం నుంచి 11 నుంచి 22 ఆర్క్‌సెకన్ల మధ్య మెరుస్తుంది కాబట్టి బ్యాండ్-5లో పొడవునా ఐదారు ముక్కలు విడిపోతాయి. వెడల్పు విడిపోదు.

కొత్త పరిశీలనకు ప్రతిపాదనలు ఏడాదికి రెండుసార్లు తీసుకుంటారు. రాయడం, సమయం దొరకడం, డేటా రావడం కలిపితే ఎనిమిది నెలల ప్రాజెక్టు అక్కడే అయిపోతుంది. అందుకని ఎమ్మెస్సీవారు ఆర్కైవ్ డేటాకే పరిమితం కావాలి. 18 నెలల హక్కు గడువు దాటిన పరిశీలనలు అందరికీ దొరుకుతాయి. వైడ్‌బ్యాండ్ ఫైళ్లు పదుల జీబీల్లో ఉంటాయి. కాలిబ్రేషన్‌లో అవే రెండు మూడింతలవుతాయి. ఒక టెరాబైట్ ఖాళీ డిస్కు, 32 జీబీ మెమరీ లేకుండా మొదలుపెట్టకండి.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు చెడిపోయిన యాంటెనాలు, అంతరాయపు చానెళ్లు తీసేయాలి. 3సి 286 లేదా 3సి 48 లేదా 3సి 147 అనే ప్రామాణిక సోర్సుతో డిలే, బ్యాండ్‌పాస్, ఫ్లక్స్ (మనకు అందే వెలుగు పరిమాణం) స్కేల్ సరిచేయాలి. ఆపైన ఫేజ్ కాలిబ్రేటర్, ఆ తర్వాత సెల్ఫ్-కాలిబ్రేషన్ (సోర్సు సొంత మోడల్‌తోనే డేటాను సరిచేయడం). నష్టం ఎక్కువగా జరిగేది సెల్ఫ్-కాలిబ్రేషన్‌లోనే. మోడల్‌లో మసక భాగాలు చేరకముందే ఆంప్లిట్యూడ్ సరిచేస్తే, ప్రోగ్రామ్ ఆ మసక వెలుగును లోపంగా లెక్కవేసి మింగేస్తుంది. బొమ్మ శుభ్రంగా కనబడుతుంది, లోబ్ (జెట్ చివర పరుచుకున్న మసక భాగం) ఫ్లక్స్ మాత్రం తగ్గిపోతుంది. ఫేజ్-మాత్రమే రౌండ్లు మూడు నాలుగు నడిపి, సమయపు విరామాన్ని 8 నిమిషాల నుంచి 1 నిమిషానికి దింపుకుంటూ రండి. ఆంప్లిట్యూడ్ చివర్లో ఒక్కసారి చాలు. ప్రతి రౌండు తర్వాత మొత్తం ఫ్లక్స్ రాసుకోండి. అది పడిపోతుంటే అక్కడే ఆగండి.

ప్రకాశవంతమైన కోర్ (జెట్ మొదలయ్యే చోటు) పక్కన మసక జెట్ వెతికేటప్పుడు డైనమిక్ రేంజ్ (బొమ్మలో గరిష్ఠ ప్రకాశానికీ నాయిస్‌కూ నిష్పత్తి) గుర్తుంచుకోవాలి. కోర్ 10 జాన్‌స్కీలు (రేడియో ఫ్లక్స్ కొలమానం), డైనమిక్ రేంజ్ 5,000 అయితే, దాని చుట్టుపక్కల 2 మిల్లీజాన్‌స్కీల లోపు కనబడేదేదీ నమ్మదగ్గది కాదు. దూరంగా ఖాళీ ఆకాశంలో నాయిస్ ఎంత తక్కువున్నా సరే.

స్పెక్ట్రల్ ఇండెక్స్ (పౌనఃపున్యంతో ఫ్లక్స్ మారే వాలు) కావాలనుకుంటే పౌనఃపున్యాలను దూరదూరంగా తీసుకోండి. రెండు ఫ్లక్స్‌లలోనూ 10 శాతం చొప్పున పొరపాటు ఉందనుకుంటే, 650, 1250 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఇండెక్స్ పొరపాటు 0.22 వస్తుంది. 400, 1250 మధ్య 0.12. టీజీఎస్ఎస్ సర్వే 150 మెగాహెర్ట్జ్‌కు, వీఎల్ఏ స్కై సర్వే 3 గిగాహెర్ట్జ్‌కు మధ్య 0.05 కూడా రాదు. అయితే టీజీఎస్ఎస్ బీమ్ (స్పష్టత మేర) 25 ఆర్క్‌సెకన్లు, వీఎల్ఏ సర్వేది 2.5. బీమ్‌లు సమానం చేయకుండా పిక్సెల్‌కు పిక్సెల్ భాగించిన మ్యాపు చూడటానికి ముచ్చటగా ఉన్నా దేనికీ పనికిరాదు. చిన్న బేస్‌లైన్లు (దగ్గరదగ్గరి డిష్‌ల జతలు) లేని పరిశీలనలో విశాలమైన వెలుగు తప్పిపోతుంది. కాబట్టి రెండు డేటాల్లోనూ ఒకే యూవీ పరిధి (బేస్‌లైన్ పొడవుల పరిధి, అతినీలలోహితం కాదు) వాడాలి.

లోపలి జెట్, అంటే పార్సెక్ స్థాయి కావాలంటే వీఎల్‌బీఐ (వేల కిలోమీటర్ల దూరాల్లోని డిష్‌లను కలిపి చూడటం) ఒక్కటే దారి. ఇక్కడ ఒక శుభవార్త ఉంది. మోజేవ్ బృందం 15 గిగాహెర్ట్జ్‌లో, బోస్టన్ యూనివర్సిటీ బృందం 43 గిగాహెర్ట్జ్‌లో వీఎల్‌బీఏ అనే అమెరికా డిష్‌ల సముదాయంతో చేసిన పరిశీలనలను కాలిబ్రేట్ చేసి అందరికీ ఇచ్చేశాయి. కష్టమైన సగం పని వాళ్లే చేశారు. డిఫ్‌మ్యాప్ ప్రోగ్రామ్‌లో గుండ్రటి గాసియన్ కాంపొనెంట్లు అమర్చి, కనీసం ఐదు తేదీల్లో ఒకే కాంపొనెంటును పట్టుకుంటే వేగం వస్తుంది. 3సి 279లో ఏడాదికి 0.5 మిల్లీఆర్క్‌సెకన్లు కదిలిందంటే 3.15 పార్సెక్‌లు, అంటే పది కాంతి సంవత్సరాలు. చాలామంది ఇక్కడే ఆగి కాంతి వేగానికి పది రెట్లు అని రాసేస్తారు. రెడ్‌షిఫ్ట్ వల్ల అక్కడి కాలం మనకు అంత సాగి కనబడుతుంది కాబట్టి దాన్ని 1.536తో గుణించాలి. అసలు జవాబు పదహారు రెట్లు. ఇది కనబడే వేగం మాత్రమే, జెట్ మనవైపు దూసుకురావడం వల్ల కలిగే భ్రమ. రెండు పౌనఃపున్యాల బొమ్మలు పోల్చేటప్పుడు కోర్ మీద కోర్ పెట్టకూడదు. అపారదర్శకత వల్ల కోర్ స్థానం పౌనఃపున్యంతో జరుగుతుంది. జెట్‌లో కిందనున్న పారదర్శకమైన ముడిని (ప్రకాశవంతమైన ముద్దను) ఆధారంగా చేసుకుని జరపాలి.

మిల్లీమీటరు తరంగాల గురించి ఒక్క మాట: చిలీలోని ఆల్మా టెలిస్కోపు తన కాలిబ్రేషన్‌కు క్వేజార్లనే వాడుతుంది. కాబట్టి ఎవరూ అడగకుండానే ప్రకాశవంతమైన క్వేజార్ల ఫ్లక్స్‌లు ఏళ్ల తరబడి దాని కాలిబ్రేటర్ కేటలాగులో పోగయ్యాయి.

దృశ్య కాంతి: అందరికన్నా దగ్గర, అందరికన్నా మోసం

డిసెంబరు నుంచి మే దాకా హైదరాబాద్ చుట్టుపక్కల ఆకాశం సాధారణంగా బాగుంటుంది. 3సి 273 సుమారు 12.9 మాగ్నిట్యూడ్ (ఈ సంఖ్య పెరిగేకొద్దీ మసక). మార్చి ఆఖరులో అర్ధరాత్రి వేళ ఇక్కడ 75 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 8 అంగుళాల టెలిస్కోపు, చల్లబరిచే మోనోక్రోమ్ కెమెరా, ఒక ఆర్ (ఎరుపు) ఫిల్టరు ఉంటే ఊరి వెలుగుకు దూరంగా, వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్లి 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు పది తీసి కలిపి దాన్ని కొలవొచ్చు. 3సి 454.3 అయితే అక్టోబరు సాయంత్రాల్లో దాదాపు నడినెత్తికి వస్తుంది. దాని డెక్లినేషన్ 16 డిగ్రీలు, హైదరాబాద్ అక్షాంశం 17.4. కాకపోతే మామూలు రోజుల్లో అది 15, 16 మాగ్నిట్యూడ్ల మధ్య ఉంటుంది. చిన్న టెలిస్కోపుకు ఫ్లేర్ వచ్చినప్పుడే అందుతుంది. ఇలా మీరు కొలిచేది కేంద్రం వెలుగును మాత్రమే. 3సి 273 బయటి జెట్ ముడులు 20వ మాగ్నిట్యూడ్ కన్నా మసక, వాటికి హబుల్ కావాల్సిందే.

అదే ఫ్రేములోని రెండు మూడు నక్షత్రాలతో పోల్చి కొలవండి. వాటిలో ఒకటి రెండోదానితో పోలిస్తే మారకుండా ఉందో లేదో ప్రతి రాత్రీ చూడండి. అపర్చర్‌ను (వెలుగు కొలిచే వలయాన్ని) రాత్రికి రాత్రి మార్చితే, దగ్గరి బ్లేజార్లలో చుట్టూ ఉన్న గెలాక్సీ వెలుగు ఒక్కోరోజు ఒక్కో పాళ్లలో చేరి లేని మార్పును చూపిస్తుంది.

పెద్ద పరిశీలనకు లద్దాఖ్ హాన్‌లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో ఎరీస్ సంస్థ నడిపే 1.3, 3.6 మీటర్ల టెలిస్కోపులు, తమిళనాడు కావలూరులో 2.3 మీటర్ల వైనుబప్పు టెలిస్కోపు ఉన్నాయి. దేవస్థల్ వర్షాకాలంలో మూతపడుతుంది. మీ సోర్సు జులై, ఆగస్టుల్లోనే రాత్రంతా కనబడేదైతే దాని మీద ఆశ పెట్టుకోకండి. సమయం దొరకకపోయినా ఫర్వాలేదు. పాలొమార్ నుంచి జడ్‌టీఎఫ్ సర్వే 2018 నుంచి జీ, ఆర్ ఫిల్టర్లలో కొన్ని రోజులకొకసారి ఉత్తరాకాశమంతా తీస్తోంది. 20వ మాగ్నిట్యూడ్ దాకా లైట్ కర్వ్‌లు సిద్ధంగా దొరుకుతాయి.

ఇక మోసం సంగతి. క్వేజార్ దృశ్య కాంతిలో జెట్ ఒక్కటే ఉండదు. కృష్ణబిలం చుట్టూ ఉన్న అక్రీషన్ డిస్కు (లోపలికి పడే పదార్థపు పళ్లెం) నీలం, అతినీలలోహితంలో పెద్ద గుబ్బలా చేరుతుంది. 3సి 273లో అతినీలలోహితం చాలావరకు డిస్కుదే. అందుకే చాలా క్వేజార్లు ప్రకాశం పెరిగేకొద్దీ ఎర్రబడతాయి. ఎర్రటి జెట్ పైకి లేచి నీలం డిస్కును కప్పేస్తుందన్నమాట. బీఎల్ లాక్‌లు ఇందుకు విరుద్ధంగా నీలమవుతాయి. రంగు మార్పును ఎలక్ట్రాన్ల కథగా రాసే ముందు డిస్కు వాటా తీసేయండి. జెట్‌ను విడదీయడానికి ధ్రువణం (వెలుగు తరంగాలు ఒకే దిశలో ఊగడం) గట్టి సాధనం. డిస్కు వెలుగు దాదాపు ధ్రువితం కాదు, జెట్ వెలుగు పదుల శాతం దాకా ధ్రువితమవుతుంది. పోలరిమీటరు డేటా దొరికే సోర్సయితే, మా దృష్టిలో అది ఇంకో ఫిల్టరు లైట్ కర్వ్ కన్నా ఎంతో విలువైనది.

ఎక్స్-రే: చంద్ర వేరు, స్విఫ్ట్ వేరు, ఆస్ట్రోశాట్ వేరు

"ఎక్స్-రే డేటా వాడతాను" అంటే సరిపోదు. చంద్ర, స్విఫ్ట్, ఆస్ట్రోశాట్ అనే మూడు ఉపగ్రహాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు పనికొస్తాయి.

బయటి జెట్ బొమ్మ కావాలంటే చంద్ర ఒక్కటే, స్పష్టత అర ఆర్క్‌సెకను. 1999 ఆగస్టులో ఫోకస్ సరిచేయడానికి దాన్ని పీకేఎస్ 0637-752 అనే క్వేజార్ వైపు తిప్పితే, ఎవరూ ఊహించని ఎక్స్-రే జెట్ బయటపడింది. ఆ క్వేజార్ హైదరాబాద్ దిగంతం మీదికి ఎప్పుడూ రాదు. ఆర్కైవ్‌కు దిగంతం లేదు గనుక ఇక్కడ కూర్చునే దాన్ని చదవొచ్చు. డేటాను రీప్రాసెస్ చేసేటప్పుడు సబ్‌పిక్సెల్ సవరణ ఆన్‌లో ఉంచండి, పిక్సెల్ 0.49 ఆర్క్‌సెకన్లు కాబట్టి అది లేకపోతే ముడులు కలిసిపోతాయి. బ్యాక్‌గ్రౌండ్‌ను ఖాళీ మూల నుంచి తీయకూడదు. కేంద్రం నుంచి ముడి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, వేరే దిశల్లో తీయాలి. కేంద్రపు వెలుగు రెక్కలు అక్కడిదాకా వ్యాపిస్తాయి. ముడిలో ఫోటాన్లు యాభై, వంద మాత్రమే ఉంటే కై-స్క్వేర్ వదిలేసి క్యాష్ స్టాటిస్టిక్ (తక్కువ ఫోటాన్లకు సరిపడే కొలత) వాడండి. కేంద్రంలో పైలప్ (ఒకేసారి పడిన ఫోటాన్లు ఒకటిగా లెక్కకు రావడం) వల్ల నడిమి పిక్సెళ్లు బోలుగా మారతాయి. దాన్ని ఆధారంగా చేసుకుని రేడియో బొమ్మతో సరిపోల్చితే మొత్తం జెట్ పక్కకు జరుగుతుంది. ఇంకొకటి: డిటెక్టరు ఫిల్టరు మీద ఏళ్లుగా పేరుకున్న పొర వల్ల 1 కేఈవీ లోపు సున్నితత్వం బాగా తగ్గింది. మెత్తటి ఎక్స్-రేలు ముఖ్యమైతే తొలినాళ్ల పరిశీలనలే మేలు.

ఫ్లేర్‌లో కేంద్రం మార్పు కావాలంటే స్విఫ్ట్. 2004 నవంబరులో ఎగిరిన ఈ ఉపగ్రహం ఎక్స్-రే (0.3–10 కేఈవీ), అతినీలలోహితం, దృశ్య కాంతి మూడూ ఒకే సమయంలో ఇస్తుంది. వర్ణపటం గీసేవారికి ఈ ఏకకాలత బంగారం. ఒక్కో పరిశీలన ఒకటి రెండు వేల సెకన్లే. ఫోటాన్ కౌంటింగ్ మోడ్‌లో సెకనుకు 0.5 కౌంట్లు దాటితే పైలప్ చూడాలి, నడుమ కొన్ని పిక్సెళ్లు తీసేసి వలయాకారంలో కొలవాలి. అతినీలలోహిత పరికరానికి 5 ఆర్క్‌సెకన్ల అపర్చర్ ప్రమాణం. డిటెక్టరులో సున్నితత్వం తగ్గిన మచ్చలు ఉన్నాయి, వాటి మీద పడిన పరిశీలనలో ఒక్కసారిగా వెలుగు తగ్గినట్టు కనబడుతుంది. ఒక్క తేదీలో ఒక్క ఫిల్టరే పడిపోయిందంటే ముందు దీన్నే అనుమానించండి.

2015 సెప్టెంబరు 28న ఎగిరిన మన ఆస్ట్రోశాట్ ప్రత్యేకత, ఒకే సోర్సును రోజంతా విడవకుండా చూడటం. గంటల్లో మారే మార్కేరియన్ 421 లాంటివాటికి దాని ఎస్ఎక్స్‌టీ, ఎల్ఏఎక్స్‌పీసీ పరికరాలు కలిసి 0.3 నుంచి 80 కేఈవీ దాకా మంచి డేటా ఇచ్చాయి. మసక క్వేజార్‌కు మాత్రం ఎల్ఏఎక్స్‌పీసీ బ్యాక్‌గ్రౌండ్ అనిశ్చితి సోర్సునే మించిపోతుంది. ఎస్ఎక్స్‌టీలో సోర్సు చిత్రం ఆర్క్‌నిమిషాల్లో పరుచుకుంటుంది. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ అదే ఫ్రేము నుంచి కాకుండా, బృందం ఇచ్చిన ఖాళీ ఆకాశపు ఫైలు నుంచి తీసుకోవాలి.

2021 డిసెంబరులో ఎగిరిన ఐఎక్స్‌పీఈ ఎక్స్-రే ధ్రువణం కొలుస్తుంది. మార్కేరియన్ 501లో ఎక్స్-రే ధ్రువణం సుమారు 10 శాతం, దృశ్య కాంతి కన్నా స్పష్టంగా ఎక్కువ వచ్చింది. ఎలక్ట్రాన్లు షాక్ దగ్గర శక్తి పొంది, దూరం పోయేకొద్దీ చల్లబడతాయనే చిత్రానికి అది బలమిచ్చింది. డేటా అందరిదీ, విశ్లేషణ మాత్రం మొదటి ప్రాజెక్టుకు బరువే.

గామా: ల్యాప్‌టాప్ మీద జరిగే పని

ఫెర్మీ ఉపగ్రహం మీది గామా టెలిస్కోపు ఎల్ఏటీ 2008 జూన్‌లో ఎగిరింది. దాదాపు మూడు గంటలకోసారి ఆకాశమంతా చూస్తూ వచ్చింది. అంటే మీ సోర్సును ఎవరూ ప్రతిపాదించనక్కర్లేదు, ఏళ్ల తరబడి డేటా ఇప్పటికే ఉంది. అందుకే ఎనిమిది నెలల ప్రాజెక్టుకు మేము మొదట చెప్పే పేరు ఇదే.

సోర్సు చుట్టూ 15 డిగ్రీల వ్యాసార్ధం, 100 ఎంఈవీ నుంచి 300 జీఈవీ, ఇవెంట్ క్లాస్ 128, ఇవెంట్ టైప్ 3, జెనిత్ కోణం 90 డిగ్రీల లోపు: డేటా ఎంపికకు ఇది మామూలు మొదలు. ఫెర్మీపై (Fermipy) అనే పైథాన్ ప్యాకేజీ వాడితే ఈ మెట్లన్నీ ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో ఇమిడిపోతాయి. కానీ ఒక్కసారైనా జీటీసెలెక్ట్ నుంచి జీటీలైక్ దాకా ఫెర్మీ ప్రోగ్రాములను చేత్తో నడపండి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేరు. సోర్సు ఫ్లక్స్ 10⁻⁶ ఫోటాన్లు/చదరపు సెం.మీ./సెకను దగ్గరుంటే ఒక రోజు బిన్ (డేటాను కలిపి కొలిచే కాలపు ముక్క) చాలు. 10⁻⁷ అయితే వారం లేదా ఇంకా ఎక్కువ కావాలి. 3సి 454.3 2010 నవంబరులో రోజు సగటున 6.6×10⁻⁵ని తాకింది. 3సి 279 2015 జూన్‌లో నిమిషాల్లో మారింది. అలాంటి అరుదైన ఫ్లేర్లలోనే గంటలోపు బిన్లకు అర్థం ఉంటుంది. టీఎస్ (సోర్సు నిజంగా కనబడిందనే నమ్మకానికి కొలత) 9 కన్నా తక్కువ వచ్చిన బిన్‌లో చుక్క పెట్టకుండా గరిష్ట పరిమితి గుర్తు పెట్టండి. ఆ బిన్లను తీసేసి సగటు తీస్తే సోర్సు అసలు కన్నా ప్రకాశవంతంగా తేలుతుంది.

ఫెర్మీ బలహీనత దాని చూపు. 100 ఎంఈవీ దగ్గర ఒక ఫోటాన్ దిశ ఐదు డిగ్రీలు అటూ ఇటూ కావొచ్చు, 1 జీఈవీ దగ్గర 0.8 డిగ్రీలు. 3సి 273కి, 3సి 279కి మధ్య దూరం పది డిగ్రీలే. 3సి 279 భగ్గుమన్న వారంలో 3సి 273 కూడా లేచినట్టు కనబడితే సంబరపడకండి. ఆ వారపు మోడల్‌లో 3సి 279 ఫ్లక్స్‌ను, ఇండెక్స్‌ను స్వేచ్ఛగా వదిలి మళ్లీ అమర్చండి. 3సి 279కి ఇంకో చిక్కు: అది క్రాంతివృత్తం మీదే ఉంది. ఏటా అక్టోబరు 8 ప్రాంతంలో సూర్యుడు దాని ముందు నుంచి పోతాడు, చంద్రుడు నెలనెలా దగ్గరికి వస్తాడు. ఇద్దరూ గామాలో మెరిసేవాళ్లే. ఆ సమయాలను తీసేయాలి.

ఇంకా పై శక్తికి హాన్‌లేలోని మేస్ ఉంది. 21 మీటర్ల ఈ చెరెంకోవ్ టెలిస్కోపును (గామా కిరణం గాలిలో పుట్టించే మెరుపును చూసేది) భాభా అణు పరిశోధనా కేంద్రం (బార్క్) కోసం కట్టడంలో మన ఈసీఐఎల్ చేయి ఉంది. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. హైదరాబాద్‌లో ఈ సబ్జెక్టు చదివేవాళ్లు గర్వపడాల్సిన పని అది. విద్యార్థికి మాత్రం ఆ బృందంతో గైడుకు సంబంధం ఉంటేనే ఆ దారి తెరుచుకుంటుంది. పైగా దూరపు క్వేజార్ల టీఈవీ వెలుగును మధ్యలోని నేపథ్య కాంతి మింగేస్తుంది, దాన్ని సరిదిద్దకుండా స్పెక్ట్రమ్ గీయకూడదు.

ఎవరికి ఏది

ఎనిమిది నెలలు, ఒక ల్యాప్‌టాప్, పైథాన్ వచ్చు: ఫెర్మీ, స్విఫ్ట్ కలిపి ఒక క్వేజార్ ఒక ఫ్లేర్. దృశ్య కాంతికి జడ్‌టీఎఫ్. రెండు బ్యాండ్లు నిజాయతీగా చేస్తే ఐదు బ్యాండ్లు అరకొరగా చేసినదాని కన్నా మంచి థీసిస్ అవుతుంది. ఏడాది పైన సమయం, సర్వరు, రేడియో తెలిసిన గైడు ఉంటే జీఎంఆర్‌టీ ఆర్కైవ్. బొమ్మల మీద మక్కువ, స్పెక్ట్రమ్ మీద భయం ఉన్నవారికి మోజేవ్ వేగాలు సరైన ఎంపిక.

మాకు బాగా ఇష్టమైన కలయిక ఇంకొకటుంది, దానికి కొత్త పరిశీలన ఒక్కటీ అక్కర్లేదు. బయటి జెట్ ఎక్స్-రే ఎక్కడిదనే వాదంలో ఒక పక్షం చెప్పేది: జెట్ ఇంకా కాంతి వేగానికి దగ్గరగా పరుగెడుతూ విశ్వ నేపథ్య మైక్రోవేవ్ ఫోటాన్లను ఎక్స్-రేలుగా లేపుతోందని. అదే నిజమైతే బయటి జెట్ నుంచి ఎప్పుడూ మారని గామా వెలుగు రావాలి. చంద్ర, హబుల్, రేడియో ఫ్లక్స్‌ల నుంచి అది ఎంతుండాలో లెక్కకట్టొచ్చు. కేంద్రం నిద్రపోయిన వారాల ఫెర్మీ డేటాను మాత్రమే కలిపి చూస్తే, రావాల్సిన గామా వచ్చిందో లేదో తెలుస్తుంది. 2014లో మేయర్, జార్జనోపౌలోస్ అనే పరిశోధకులు 3సి 273 మీద ఇలాగే చేసి ఆ వివరణను తోసిపుచ్చారు. తర్వాత పీకేఎస్ 0637-752 కూడా అదే దారిలో వెళ్లింది. ఎక్స్-రే జెట్ ఉన్న క్వేజార్లలో ఒకటి తీసుకుని, ఇప్పటిదాకా పోగైన ఫెర్మీ డేటాతో పరిమితిని బిగించడం ఒక సెమిస్టరులో అయ్యే పని.

వేర్వేరు కాంతులను కలిపేటప్పుడు తేదీలే అసలు సమస్య. 2010 గామా పక్కన 2016 ఎక్స్-రే పెట్టి గీసిన వర్ణపటం ఏ రోజుదీ కాదు, దానికి మోడల్ అమర్చి వచ్చిన అయస్కాంత క్షేత్రానికి అర్థం లేదు. దృశ్య, అతినీలలోహిత ఫ్లక్స్‌లకు మన గెలాక్సీ ధూళి సవరణ, ఎక్స్-రేకు హైడ్రోజన్ శోషణ, రెండూ ఒకే దిశకు ఒకే మూలం నుంచి తీసుకోండి. రేడియో గామా తర్వాత వారాలో నెలలో ఆలస్యంగా లేస్తుంది. ఆ ఆలస్యాన్ని సహసంబంధంతో కొలిచేటప్పుడు, ఒకే రకపు యాదృచ్ఛిక మార్పుతో కనీసం వెయ్యి కృత్రిమ లైట్ కర్వ్‌లు తయారుచేసి వాటిలో అంతటి సహసంబంధం ఎన్నిసార్లు ఊరికే వస్తుందో చూడాలి. ఒక్కొక్క పెద్ద ఫ్లేర్ ఉన్న రెండు లైట్ కర్వ్‌లు ఏదో ఒక ఆలస్యం దగ్గర తప్పకుండా సరిపోలతాయి.

సోర్సు ఖాయం చేసే ముందు ఒక సాయంత్రం ఇలా గడపండి. ఫెర్మీ లైట్ కర్వ్ రిపాజిటరీలో 1,525 సోర్సుల వారపు లైట్ కర్వ్‌లు సిద్ధంగా ఉన్నాయి. అందులో మీ క్వేజార్ ఫ్లేర్ తేదీలు రాసుకోండి. అవే తేదీల్లో స్విఫ్ట్ ఎన్నిసార్లు చూసిందో ఆర్కైవ్‌లో లెక్కపెట్టండి. ఫ్లేర్ ఎక్కే వైపు, దిగే వైపు కలిపి ఐదు పరిశీలనలైనా లేకపోతే ఆ ఫ్లేర్‌ను వదిలి ఇంకోటి వెతకండి. 3సి 454.3, 3సి 279, పీకేఎస్ 1510-089లలో ఈ వెతుకులాట సాధారణంగా త్వరగా ముగుస్తుంది.